గ్రాఫ్ తప్పొస్తోందా? యాప్ మార్చే ముందు ఇవి చూడండి

పర్లాకిమిడిలో ప్లస్ త్రీ (డిగ్రీ) మ్యాథ్స్ ఆనర్స్ పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. మల్టీవేరియబుల్ కాలిక్యులస్ (ఎక్స్, వై లాంటి ఒకటికి మించిన చలరాశులున్న ఫంక్షన్ల లెక్కలు) పేపరు మొదలైందంటే చాలు, "మాస్టారూ, ఈ యాప్ పనికిరాదు, ఇంకోటి చెప్పండి" అంటూ వస్తారు. ఒకడి ఫోనులో నాలుగు గ్రాఫింగ్ యాప్‌లు చూశాను. నాలుగింట్లోనూ అదే తప్పు బొమ్మ.

ఏది వాడాలో ముందే చెప్పేస్తాను. ఫోనైతే జియోజీబ్రా 3డి కాలిక్యులేటర్. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ పోయినా పనిచేస్తుంది, మన ఊళ్లలో అదే పెద్ద సుఖం. కంప్యూటరూ నెట్టూ ఉంటే బ్రౌజర్‌లో క్యాల్క్‌ప్లాట్3డి. పాల్ సీబర్గర్ అనే అమెరికా ప్రొఫెసర్ ఈ పేపరు చదివేవాళ్ల కోసమే తయారుచేశారు కాబట్టి కాంటూర్లు (ఒకే ఎత్తున్న చుక్కలను కలిపే గీతలు), టాంజెంట్ ప్లేన్ (ఉపరితలాన్ని ఒక చుక్క దగ్గర తాకే చదును తలం), గ్రేడియెంట్ (ఎత్తు అన్నిటికంటే వేగంగా పెరిగే దిక్కు చూపే బాణం) అన్నీ అందులో చేతికందేలా ఉంటాయి. రెండూ ఉచితమే. ఇక మూడోది వెతక్కండి.

సమస్య: ఉపరితలమే రావట్లేదు.
మీరు తెరిచింది 2డి యాప్. జియోజీబ్రా పేరుతో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వేరు, 3డి కాలిక్యులేటర్ వేరు. అది సరిగ్గానే ఉంటే బ్రాకెట్లు చూడండి. భాగహారపు గీత కింద ఏం పడిందో, పక్కన ఏం మిగిలిందో చూడకుండా నా దగ్గరికి ఫోను తేవద్దని ఎన్నిసార్లు చెప్పానో!

సమస్య: గ్రేడియెంట్ బాణం కాంటూరుకు లంబంగా లేదు.
లెక్క తప్పలేదు, ఆ రెండూ లంబంగా ఉండాలన్న సిద్ధాంతమూ తప్పలేదు. ఎక్స్ అక్షం స్కేలు ఒకటి, వై అక్షం స్కేలు ఇంకొకటి ఉంది. రెండూ సమానం చేయండి.

సమస్య: ఆరిజిన్ (ఎక్స్, వై రెండూ సున్నా అయ్యే చోటు) దగ్గర బొమ్మ చిరిగిపోయి ముళ్లకంపలా ఉంది.
నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఫంక్షన్: పైన ఎక్స్ ఇంటూ వై, కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్. నేనూ మొదట యాప్‌నే తిట్టుకుని, ఇంకో రెండు దించుకుని, ఓ సాయంత్రం పాడుచేసుకున్నాను. పెన్సిలు తీసి వై బదులు ఎక్స్ పెట్టి ఉంటే పది సెకన్లలో తేలేది. ఆ దారిలో విలువ ఎప్పుడూ సగం. వై బదులు మైనస్ ఎక్స్ పెడితే మైనస్ సగం. అక్షాల మీద సున్నా. ఏ దారిలో దగ్గరికొచ్చినా ఒకే విలువకు చేరితేనే లిమిట్ ఉన్నట్టు. అంటే ఆరిజిన్ దగ్గర లిమిటే లేదు.

యాప్ ఏం చేస్తుందంటే, గళ్ల చొక్కాలాంటి వల ఒకటి పరిచి, గీతలు కలిసే చోట మాత్రమే విలువ లెక్కగట్టి, ఆ చుక్కలను కలిపేస్తుంది. పక్కపక్క చుక్కల్లో ఒకటి సగం దగ్గరా, ఇంకొకటి మైనస్ సగం దగ్గరా ఉంటే మధ్యలో లేని గోడ కట్టేస్తుంది. చిరుగు అక్కడే పుడుతుంది.

తప్పు ఆ వల వల్లనా, ఫంక్షన్ వల్లనా తేల్చడానికి జడ్ హద్దులు అలాగే ఉంచి ఎక్స్, వై హద్దులు మాత్రం పదో వంతుకు తగ్గించండి. మామూలు నున్నని ఉపరితలమైతే దాదాపు చదునైపోతుంది. ఇది మాత్రం అచ్చం మునుపటిలాగే కనిపిస్తుంది, ఎందుకంటే విలువ దూరాన్ని బట్టి కాదు, దిక్కును బట్టే మారుతుంది.

పరిష్కారం: చదరపు వల వదిలి పోలార్‌లో, అంటే ఆరిజిన్ నుంచి దూరం (ఆర్), కోణం (తీటా) లెక్కన గీయండి. జియోజీబ్రాలో సర్ఫేస్ అనే కమాండ్ తీసుకుని ఆర్ కాస్ తీటా, ఆర్ సైన్ తీటా, సగం సైన్ 2 తీటా వరసగా ఇవ్వండి. ఆర్‌కు 0 నుంచి 2, తీటాకు 0 నుంచి 2 పై. ఇప్పుడు ఇనుప స్తంభం చుట్టూ తిరిగే మెట్లలా, ఒక్క చుట్టులో రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగే చక్కటి ఉపరితలం వస్తుంది. దీన్ని ప్లూకర్ కోనాయిడ్ అంటారు. నిలువు స్తంభం మీద మైనస్ సగం నుంచి సగం దాకా అన్ని ఎత్తుల్లోనూ మెట్లు అతుక్కుని ఉంటాయి. లిమిట్ ఎందుకు లేదో కంటికే కనిపిస్తుంది.

అర్ధగోళం అడుగున రంపపు పళ్లు రావడానికీ ఆ చదరపు వలే కారణం, పోలారే మందు.

గ్రాఫిక్స్ డ్రైవరు పాతబడి స్క్రీను నల్లగా రావడం కూడా ఉంటుంది గానీ చాలా అరుదు. బ్రౌజరు అప్‌డేట్ చేసి చూడండి, కుదరకపోతే పక్కవాడి ఫోను అడగండి.