బొమ్మలో పరిశోధన – 4వ పాఠం: పచ్చబాణం లెక్క

పోయిన పాఠంలో స్ప్రింట్ బీపీ అధ్యయనాన్ని ఒక్క స్లైడులో చూపమన్నాను. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి వచ్చినవాటిలో ఎక్కువశాతం ఒకటే తీరు: నడుమ కిందికి దిగే పచ్చబాణం, పక్కన ‘25% తగ్గింది’. ఈసారి రంగుల గురించి చెప్పాల్సింది. ముందు ఈ బాణం సంగతి తేలాలి.

25 అబద్ధమేం కాదు. 2015లో వెలువడిన ఆ అధ్యయనంలో 50 ఏళ్లు దాటిన, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న, షుగర్ లేని 9,361 మంది ఉన్నారు. బీపీ పై అంకె సగంమందికి 120 లోపు, మిగతావాళ్లకు 140 లోపు ఉండేలా మందులిచ్చారు. మూడేళ్లు దాటేసరికి గుండెపోటు, పక్షవాతం లాంటివి మొదటి గుంపులో 243 మందికి, రెండో గుంపులో 319 మందికి వచ్చాయి. వెయ్యికి లెక్కేస్తే 52, 68. తేడా 16. 68లో 16 అంటే దాదాపు పావు. రెండు గుంపుల ముప్పును కాలంతో సహా పోల్చే హజార్డ్ రేషియో 0.75 వచ్చింది, అంటే మొదటి గుంపు ముప్పు రెండోదానిలో ముప్పాతికే, కాబట్టి 25 శాతం తగ్గిందన్నారు.

ఆ పావు వెయ్యిమందిలో కాదు, జబ్బు రాబోయే 68 మందిలో. ఓపీ గోడమీద బాణం చూసినాయనకు ఇది తెలిసే దారే లేదు. మందు మింగితే నలుగురిలో ఒకరు బయటపడతారనుకుంటాడు.

అసలు చికాకు ఇంకోటి. ఇదే అధ్యయనంలో కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నవాళ్లు మొదటి గుంపులో 4.1%, రెండో గుంపులో 2.5%. వెయ్యికి 41, 25. ఇక్కడా తేడా 16! లాభాన్ని ‘25% తగ్గింది’ అనీ, నష్టాన్ని ‘1.6% పెరిగింది’ అనీ రాస్తే ఒకే 16 ఒకచోట ఏనుగు, ఇంకోచోట ఎలుక. రెండింటి బరువూ ఒకటే అనట్లేదు, ఆ తూకం డాక్టరు చూసుకుంటారు. బొమ్మలో కొలబద్ద మాత్రం ఒకటే ఉండాలి.

అందుకే చుక్కలు పెట్టండి. 40 నిలువు, 25 అడ్డం, మొత్తం వెయ్యి. నింపేవి కింది ఎడమ మూల నుంచి వరసగా నింపండి, చెల్లాచెదురుగా పెడితే కంటికి పోలిక అందదు. మనిషి బొమ్మలు నాకు నచ్చవు, ఫోనులో మరకల్లా అవుతాయి. వంద చుక్కలతో సరిపెడితే 7, 5 అవుతాయి, 1.6 తేడా 2గా ఉబ్బుతుంది. ఎరుపు–పచ్చ జంట వద్దు, జిరాక్స్‌లో రెండూ ఒకే బూడిద. ముదురు నీలం, లేత బూడిద చాలు. వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

అభ్యాసం: అదే అధ్యయనంలో ఏ కారణంతోనైనా చనిపోయినవాళ్లు 3.3%, 4.5%. బీపీ ప్రమాదకరంగా పడిపోయినవాళ్లు 2.4%, 1.4%. ఈ నాలుగు అంకెలకూ నాలుగు చుక్కల గడులు ఒకే కొలతలో గీసి, నలుపు–తెలుపు జిరాక్స్ తీయించి, వైద్యంతో సంబంధంలేని ఒకరికి పది సెకన్లు చూపించి మూసేయండి. ‘వెయ్యిమందిలో ఎందరు బతికారు ఎక్కువగా?’ అని అడగండి. పన్నెండుకు అటూఇటూ చెప్తే పంపండి. స్లైడులో ఎక్కడైనా ‘చావులు 27% తగ్గాయి’ అని కనబడితే మాత్రం తిప్పి పంపుతాను.