రైతు చేతిలో ఫోను – 4వ పాఠం: గట్టు మీద నడిచి చేను కొలవడం

పోయిన పాఠంలో లొకేషన్ ఆన్ చేయడం, చేను కొలిచే యాప్ దించుకోవడం చూశాం. ఈసారి ఆ ఫోనుతోనే చేను కొలుద్దాం. నేర్పేవాళ్లకు ముందే ఒక మాట: ఫోను మీ చేతిలో కాదు, రైతు చేతిలో ఉండాలి. మీరు నొక్కి చూపిస్తే ఆయన తలూపుతారు గానీ, రేపు ఒక్కరే చేనికి వెళ్లినప్పుడు ఏమీ గుర్తుండదు.

సార్వాకు, అంటే వానాకాలపు పంటకు, కాలవ నీళ్లు వదలకముందే ఈ పని పెట్టుకోండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక గట్లు ఆరి ఉంటాయి, కాలు జారదు.

ముందు యాప్ సెట్టింగుల్లో కొలమానం మార్చండి. చాలా యాప్‌లు హెక్టార్లలోనో చదరపు మీటర్లలోనో చూపిస్తాయి. 'సున్నా పాయింట్ మూడు ఆరు హెక్టార్లు' అంటే ఎవరికీ ఎక్కదు. ఎకరాలు పెట్టుకుంటే 0.89 అని వస్తుంది. అదే 89 సెంట్లు. చదరపు మీటర్లు తప్ప దిక్కు లేకపోతే 40.47తో భాగించండి, సెంట్లు వస్తాయి.

ఇక నడక. చేని మూల మీద నిలబడి, ఆకాశం బాగా కనిపించే చోట రెండు నిమిషాలు ఆగండి. లొకేషన్ పెట్టగానే మ్యాప్ మీది నీలం చుక్క చుట్టూ పెద్ద వలయం ఉంటుంది. అది చిన్నదై కుదురుకున్నాకే 'స్టార్ట్' నొక్కండి. తొందరపడి అప్పుడే బయలుదేరితే మొదటి మూలే పక్క చేలో పడుతుంది. ఫోను జేబులో వేసుకోకుండా ఛాతీ ఎత్తులో పట్టుకుని మామూలుగా నడవండి. ప్రతి మూలలో పది సెకన్లు ఆగండి. బ్యాటరీ సేవర్ ఆపేయండి, తెర ఆరిపోకుండా చూసుకోండి. కొన్ని ఫోన్లలో తెర ఆరగానే నమోదు ఆగిపోతుంది. అప్పుడు మధ్యలో ఒక గట్టు మొత్తం ఎగిరిపోయి చేను మూడు మూలలదవుతుంది.

బయలుదేరిన మూలకే వచ్చాక తెర చూడండి. మొదటి చుక్కా చివరి చుక్కా దగ్గర దగ్గరగా ఉంటే సరే. నాలుగు అంగలు దాటి ఎడం ఉంటే ఆ కొలత చెరిపేసి మళ్లీ నడవండి. గీత మొత్తం కలిసికట్టుగా పక్క చేలోకి జరిగినట్టు కనిపిస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు. అన్ని పక్కలూ ఒకే దిక్కుకు ఒకేలా జరిగితే విస్తీర్ణం మారదు. ఒక పక్క మాత్రమే జరిగితేనే చిక్కు.

ఆ చిక్కు చిన్న మడుల్లో పెద్దదవుతుంది. ఒక గట్టు గీత 3 మీటర్లు బయటికి పోయిందనుకోండి. చతురస్రంగా ఉన్న ఎకరా చేనిలో పక్క దాదాపు 64 మీటర్లు కాబట్టి తేడా ఐదు సెంట్లలోపే. పది సెంట్ల మడిలో పక్క 20 మీటర్లే. తేడా సెంటున్నర, అంటే వందకు పదిహేను. అందుకే 25 సెంట్లలోపు మడికి ఫోను వద్దు, టేపే మేలు. పొడవూ వెడల్పూ గజాల్లో గుణించి 48.4తో భాగించండి. 55 గజాలు, 80 గజాలైతే 4400. దాదాపు 91 సెంట్లు.

కోనసీమలో గట్ల వెంట కొబ్బరి వరసలుంటే ఫోను తడబడుతుంది. మట్టలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి, చుక్క గంతులేస్తుంది. గూగుల్ ఎర్త్‌లో ఉపగ్రహ చిత్రం మీద గీద్దామన్నా గట్టు మట్టల కింద దాక్కుంటుంది. అక్కడ కూడా టేపే గతి. బయలు చేలకైతే గూగుల్ ఎర్త్ బాగానే పనికొస్తుంది: కొలత గుర్తు నొక్కి, మూల మూలకీ చుక్క పెట్టి, ఆకారం మూసేస్తే విస్తీర్ణం చూపిస్తుంది. అయితే ఆ చిత్రం పాతది కావచ్చు. ఈ మధ్య తవ్విన చేపల చెరువు అందులో ఇంకా వరి చేనుగానే కనిపిస్తుంది.

గట్టు మధ్యలో నడిస్తే సగం గట్టు కూడా కొలతలో కలుస్తుంది. మీటరున్నర లోపు గట్టైతే ఎకరాకు రెండు నుంచి ఐదు సెంట్ల దాకా అలా పోతుంది. మందుల లెక్కకు ఆ మేరకు తగ్గించుకోండి. ఎకరాకు 45 కిలోల యూరియా బస్తాలు రెండు వేయాలనుకుంటే, 87 సెంట్లకు 78 కిలోలు చాలు. మిగతా 12 కిలోలూ చల్లితే దోమ పోటుకు దారి వేసినట్టే.

పాసుపుస్తకంలో ఉన్న సెంట్లతో ఈ కొలత కలవకపోతే పక్క చేని వాళ్లతో గొడవకు దిగకండి. మామూలు ఫోను కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. సర్వేయరు తెచ్చే రోవరు (ఉపగ్రహ సిగ్నల్‌తో కొలిచే పరికరం) తప్పు సెంటీమీటర్లలోనే ఉంటుంది. హద్దు తేల్చేది సర్వేయరే. ఊడ్పుల కూలికీ ఎరువుకీ మాత్రం మన కొలత సరిపోతుంది.

అభ్యాసం: ఒకే చేను మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో నడవండి. మూడు అంకెలూ పుస్తకంలో రాసి మధ్యది తీసుకోండి. మూడింటికీ మధ్య ఐదు సెంట్లు దాటి తేడా ఉంటే ఏ మూల దగ్గర చుక్క గంతేస్తోందో చూసి, ఆ పక్క టేపు వేయండి.

వచ్చే పాఠం: వాన కబురు ఫోనులో చదవడం.