పాత ఫోటో చేతికొస్తే ముందు తిరగేయండి

ఇంట్లో పాత ఫోటోల పెట్టె దించగానే అందరూ మొహాలు వెతుక్కోవడం మొదలుపెడతారు. "ఇది పెద్దత్తయ్య కదూ!" "కాదు, ఆవిడ చెల్లెలు." గంట గడిచేసరికి ఫోటోలన్నీ కలిసిపోయి, ఏది ఏ ఆల్బంలోదో తెలియకుండా పోతుంది. మొహాల పని చివరికి పెట్టుకోండి. నేను చెన్నై కోడంబాకంలో సినిమా స్టిల్స్ ప్రింట్లు వేసే డార్క్‌రూమ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు టి.నగర్, పెరంబూరు వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరైనా పిలిస్తే వెళ్లి ఫోటోలు సర్దిపెడుతుంటాను. నా లెక్కలో ఫోటో చెప్పే చరిత్ర సగం బొమ్మలో ఉంటుంది, మిగతా సగం దాని వెనక, అంచుల్లో, పక్కనున్న ఫోటోల్లో ఉంటుంది.

అందుకని ఆల్బంలోంచి ఒక్కటి కూడా పీకకముందే ప్రతి పేజీనీ ఉన్నదున్నట్టు ఫోన్‌తో తీసి పెట్టుకోండి. పేరు లేని ఫోటో ఏ ఊళ్లో తీసిందో చాలాసార్లు పక్కదాన్నిబట్టే తెలుస్తుంది. విడి ఫోటోలు ఏ కవర్లో ఉన్నాయో ఆ కవర్లోనే ఉంచి, కవరుకు నంబరు వేయండి. స్టూడియో కవర్లు చిరిగినా పారేయొద్దు.

ఇక తిరగేయండి. స్టూడియో స్టాంపులో 'మద్రాస్-17' లాంటి చిరునామా ఉంటే అది పిన్‌కోడ్ రాకముందు చేయించిన స్టాంపు కావచ్చు. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. కాబట్టి '600 017' అని ఉంటే ఆ ప్రింటు తప్పకుండా ఆ తర్వాతిదే. పాత చిరునామా ఉన్నంత మాత్రాన 1972కి ముందుదని మాత్రం తేల్చకండి. రబ్బరు స్టాంపు అరిగిపోయేదాకా కొట్టే స్టూడియోవాళ్లు బోలెడుమంది. ఇంగ్లీషులో 'చెన్నై' అని ఉంటే 1996 గానీ ఆ తర్వాతిది గానీ. చేతికి మందంగా తగిలి, కాస్త వంకర తిరిగితే పాత రకం బ్రొమైడ్ కాగితం. ప్లాస్టిక్ పూత పూసినట్టు నున్నగా ఉంటే 1970ల నుంచి వాడుకలోకొచ్చిన రకం. చిన్న చదరపు ప్రింట్లు కట్టగా దొరికితే ఇంట్లో ఎవరికో అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేదేమో అడగండి. 120 రకం ఫిల్మ్ రోల్‌కి 12 చదరపు ఫోటోలు వచ్చేవి అందులో.

ఒక చిక్కుంది. కాగితం వయసు ప్రింటు వేసిన కాలాన్ని చెబుతుంది, ఫోటో తీసిన కాలాన్ని కాదు. పెళ్లి ఫోటో పాడైపోతే దాన్నే మళ్లీ కెమెరాతో తీసి, కాపీ నెగటివ్ చేసి, కొత్త ప్రింటు వేసిచ్చేవాళ్లం. అలాంటివాటిలో నలుపు మరీ నలుపుగా, తెలుపు మరీ తెలుపుగా ఉంటుంది. పాత ప్రింటు మడత గీత కొత్త కాగితం మీద బొమ్మలో భాగంగా కనిపిస్తుంది, వేలితో తడిమితే తగలదు. తగలని మడత కనిపించిందంటే అసలు ప్రింటు ఇంకో బంధువుల ఇంట్లో ఉండొచ్చు. వెతకండి.

తర్వాత మనుషుల వెనకాల ఏముందో చూడండి. మద్రాసులో తీసిన ఫోటోలకి ఇది పెద్ద అదృష్టం, ఊరే తేదీ చెబుతుంది. ట్రాము కనిపిస్తే 1953 దాటదు, ఆ ఏడే ట్రాములు ఆగిపోయాయి. మౌంట్ రోడ్డు మీద ఎల్ఐసీ బిల్డింగు పూర్తిగా కనిపిస్తే 1959 గానీ ఆ తర్వాత గానీ. జెమినీ ఫ్లైఓవర్ ఉంటే 1973 నుంచి. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ చెక్కుచెదరకుండా ఉంటే 1985 అగ్నిప్రమాదానికి ముందు. బండి నంబరు టీఎన్-01 పద్ధతిలో ఉంటే 1989కి ముందు తీసింది కాదు. గోడ మీద సినిమా పోస్టరు కనిపిస్తే నాకు పండగే, కానీ పాత సినిమాలు చిన్న టాకీసుల్లో మళ్లీ ఆడేవి. ఆ విడుదల తేదీకి ముందుది కాదని మాత్రమే చెప్పగలం.

లేనిదాన్నిబట్టి చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త. మెరీనాలో కన్నగి విగ్రహం 1968లో పెట్టారు. అది ఉండాల్సిన చోట లేకపోతే ఫోటో 1968కి ముందుదని రాసేయాలనిపిస్తుంది. 2001 చివర్లో ఆ విగ్రహాన్ని తీసేసి, 2006లో మళ్లీ పెట్టారు. ఆ మధ్యకాలంలో తీసిన ఫోటోలోనూ ఉండదు.

ఇప్పుడు అనుమానించడం మొదలుపెట్టాలి. స్టూడియోలో కోటు, పూలకుండీ, వెనక కనిపించే మేడమెట్లు అన్నీ స్టూడియోవాడివే, వాటిని చూసి తాతగారి ఆస్తి లెక్కేయకండి. టచింగ్‌లో, అంటే నెగటివ్‌నో ప్రింటునో చేత్తో దిద్దడంలో, ముడతలు పోతాయి, మచ్చలు పోతాయి. ఇది నిన్నమొన్నటి విద్య కాదు. 1856 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా పనిచేసిన లినేయస్ ట్రైప్, ఆకాశం బోసిగా వస్తుందని నెగటివ్ మీదే మేఘాలు దిద్దేవాడు. 1876-78 కరువులో విల్లోబీ హూపర్ తీసిన ఫోటోల్లో ఎముకల గూళ్లలాంటి మనుషులు వరసగా కూర్చుని ఉంటారు. ఆ ఆకలి నిజం. ఆ వరస మాత్రం కెమెరా కోసం కూర్చోబెట్టింది. మన ఇంటి గ్రూప్ ఫోటోనీ అలాగే చూడాలి: ఎవరిని కుర్చీలో కూర్చోబెట్టారు, ఎవరిని నేల మీద, ఎవరు అసలు ఫ్రేములోనే లేరు.

చొక్కా జేబు కుడివైపున, చేతి గడియారం కుడిచేతికి, పైట కుడి భుజం మీద, మూడూ ఒకే ఫోటోలో కనిపిస్తే నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారని గట్టిగా అనుమానించొచ్చు. బోర్డు మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

మొహాల వంతు ఇప్పుడు. పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. అందరినీ కూర్చోబెట్టి అడిగితే పెద్దమామయ్య చెప్పిందే అందరి జ్ఞాపకం అయిపోతుంది. ఫోన్‌లో రికార్డు పెట్టి, "ఇదెవరు?" అని కాకుండా "ఈ ఇల్లు ఎక్కడిది?" అని మొదలెట్టండి, మాటలు వాటంతటవే వస్తాయి. ఎవరు, ఎప్పుడు చెప్పారో పేరుతో సహా రాయండి. వెనక పాత రాత తప్పనిపించినా చెరపొద్దు. ఉదాహరణకి 'శ్రీరాములు గారి అంతిమయాత్ర, 1953' అని రాసి ఉందనుకోండి. పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో దీక్షలో చనిపోయింది 1952 డిసెంబరు 15 రాత్రి. సంవత్సరం తప్పయి ఉండొచ్చు, లేదా అది అసలు ఇంకేదో ఊరేగింపు కావచ్చు. పాత రాతను అలాగే ఉంచి, మీ సందేహాన్ని వేరే చీటీ మీద మీ పేరు, తేదీతో రాసి కవర్లో పెట్టండి. ఫోటో వెనక రాయక తప్పకపోతే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయాలి. బాల్‌పెన్ వద్దు, ఒత్తిడి ముందువైపు గీతలా తేలుతుంది.

దాచే సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మన చెన్నై ఉక్కకు బూజు పడుతుంది, కాబట్టి బాత్రూం గోడకు ఆనుకున్న బీరువా, వంటింటి అటక వద్దు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివాళ్లు కూడా తడి చేత్తో నెగటివ్ పట్టుకుంటారు! జిగురు పేజీల ఆల్బంలోంచి ఫోటోని పీకకుండా సన్నటి దారం వెనక పోనిచ్చి విడదీయండి, రాకపోతే వదిలేయండి. అద్దానికి అతుక్కున్నదాన్ని అద్దంతోనే స్కాన్ చేయండి. లామినేషన్ ఎప్పటికీ వద్దు. వెనిగర్ వాసన కొట్టే నెగటివ్‌లను మిగతావాటికి దూరంగా పెట్టండి. 2015 డిసెంబరు వరదలాంటిది మళ్లీ వచ్చి ప్రింట్లు తడిస్తే, శుభ్రమైన నీళ్లలో మెల్లగా ముంచి, బొమ్మ పైకి ఉండేలా పీల్చే కాగితం మీద నీడలో ఆరబెట్టండి. ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. ఆరబెట్టే వీలు లేకపోతే మైనం కాగితం మధ్య పెట్టి ఫ్రీజర్లో పడేయండి, తర్వాత చూసుకోవచ్చు.

స్కానింగ్ 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు), మరీ చిన్న ప్రింట్లయితే 1200లో చేయించండి. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్ మోడ్‌లోనే, తెల్ల అంచు కత్తిరించకుండా, వెనకవైపు కూడా. ఫైలు నాణ్యత తగ్గని టిఫ్ (TIFF) రకంలో ఉంచుకోండి. రంగులద్దే యాప్‌లంటే నాకు ఒళ్లుమంట. అమ్మమ్మ చీర ఏ రంగుదో ఆ యాప్‌కి ఎవరు చెప్పారు? సరదా పడితే వేసుకోండి, కానీ ఆ ఫైలు పేరులో 'రంగు వేసింది' అని ఉండాలి. చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే సైజు కుదించుకుపోయి, వెనకనున్న షాపు బోర్డు చదవడానికి రాదు.