బీజింగ్ 798 ఆర్ట్ జోన్‌కి వెళ్తున్నారా? కార్డు సంగతి హైదరాబాద్‌లోనే తేల్చుకోండి

అక్కడ యూపీఐతో పని జరగదు, టీ కొట్టులో కూడా చైనా చెల్లింపుల యాప్ అలీపేనే. దానికి జత చేయడానికి వీసా లేదా మాస్టర్‌కార్డ్ కావాలి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసేటప్పుడు చాలామంది స్వైప్ మీట ఒక్కటే నొక్కి ఊరుకుంటారు. అలీపేకి కావాల్సింది ‘ఆన్‌లైన్’ మీట. అది ఆపి ఉంటే కార్డు జతకాదు. పాస్‌పోర్ట్ ధ్రువీకరణ, ఓటీపీ పని కూడా ఇంట్లోనే ముగించండి. 200 యువాన్లు దాటిన చెల్లింపుపై 3 శాతం అదనం, కాబట్టి పుస్తకాలూ పోస్టర్లూ విడివిడిగా బిల్లు చేయించుకోవడమే నయం.

సోమవారం మాత్రం వెళ్లకండి, చాలా గ్యాలరీలు మూతే. మెట్రో 14వ లైన్‌లో జియాంగ్‌తాయ్‌లో దిగి నడవచ్చు. గూగుల్ మ్యాప్స్ బదులు చైనా మ్యాప్ యాప్ ఆమ్యాప్ పెట్టుకోండి. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే గూగుల్ తెరుచుకుంటుంది గానీ, దాని మ్యాప్‌లో చుక్క పక్క వీధిలో పడుతుంది.

సందుల్లో తిరగడానికి టికెట్ లేదు. అక్కడి యూసీసీఏ ఆర్ట్ మ్యూజియం లాంటి చోట పెద్ద ప్రదర్శనలకు ఉంటుంది. గోడ బొమ్మల దగ్గరే పొద్దంతా గడపకండి, అసలు చూడాల్సింది పైకప్పు. 1950ల్లో తూర్పు జర్మనీ ఇంజనీర్లు గీసిన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఇది. రంపపు పళ్లలాంటి కప్పుకి కిటికీలన్నీ ఉత్తరం వైపే. నేరుగా ఎండ పడదు, అందుకే లోపల మధ్యాహ్నం కూడా ఫొటోలు సమంగా వస్తాయి, ఫ్లాష్ తీయనే వద్దు. కొన్ని హాళ్ల కమానుల మీద మావో కాలపు ఎర్ర నినాదాలు ఇంకా కనిపిస్తాయి.