వయసుతో వచ్చే మార్పులను నవ్వుతూ ఎదుర్కోవడం ఎలా?

నలభై దాటాక ఒకరోజు సూదిలో దారం ఎక్కదు. కొస తడిపి, వేళ్ళతో నలిపి, లైటు కిందికి వెళ్ళి నిలబడినా బెజ్జం దొరకదు. పక్కింటి పదేళ్ళ పాప వచ్చి ఒక్క పోటుకు ఎక్కించి ఇస్తుంది. మనసు చివుక్కుమంటుంది. కానీ ఈ సంగతి మన పెద్దవాళ్ళకు ఎప్పుడో తెలుసు. చత్వారం అనే మాటే నలభైని చెప్పే సంస్కృత పదం నుంచి వచ్చింది. అందరికీ వచ్చేదే కాబట్టి దానికి వయసు పేరే పెట్టేశారు.

1. ముందు కారణం తెలుసుకోండి

తెలియనిదే ఎక్కువ భయపెడుతుంది. కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువులకు తగ్గట్టు వంగలేకపోవడమే చత్వారం. జుట్టు కుదుళ్ళలో, వెంట్రుకలకు రంగునిచ్చే మెలనిన్ తయారీ తగ్గితే తెల్ల వెంట్రుకలు వస్తాయి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లో నీటిశాతం తగ్గుతుంది కాబట్టి ఎత్తు కొద్దిగా తగ్గుతాం. వీటిలో మీ తప్పు ఏదీ లేదు.

2. నవ్వేయకూడనివి పక్కన పెట్టండి

ఇది చాలా ముఖ్యం. ఉన్నట్టుండి చూపు మసకబారడం, ఒక వైపు చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, ఛాతీలో నొప్పి: వీటికి ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కారణం లేకుండా బరువు తగ్గినా, తరచూ పడిపోతున్నా, రోజూ నడిచే వీధిలోనే దారి తప్పినా, ముట్లు ఆగిన తర్వాత మళ్ళీ రక్తం కనిపించినా డాక్టరుకు చూపించాలి. "వయసు మీద పడింది కదా, ఇంతేలే" అనే మాట ఇలాంటి చోట ప్రాణం మీదికి తెస్తుంది.

3. నవ్వు ఎవరి నుంచి మొదలవ్వాలో గమనించండి

మా నాన్న హాల్లో పేపరు చదువుకుంటున్నారు. వంటింట్లోంచి అమ్మ "తలుపు వెయ్యండీ" అంది. ఆయన లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళి, పోపుల పెట్టె తెరిచి, చెంచాతో పసుపు తీసి "ఎంత వెయ్యమంటావు?" అని అడిగారు. అమ్మ నవ్వలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది. సంగతి అర్థమై ముందు నవ్వింది నాన్నే. ఆ తర్వాత ఇల్లంతా నవ్వింది.

ఆ వారంలోనే వినికిడి పరీక్ష చేయించాం. అప్పుడు తెలిసింది, వయసుతో ముందుగా తగ్గేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి అని. స, శ, త లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మాత్రం బాగానే వినపడతాయి. తలుపు, పసుపు ఒకేలా వినపడటానికి కారణం అదే. గట్టిగా అరిచినా లాభం ఉండదు. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, కాస్త నిదానంగా మాట్లాడాలి. మా ఇంట్లో ఇప్పటికీ తలుపు వెయ్యాలంటే "పసుపు వెయ్యి" అనే అంటాం. ఆ మాట ఎక్కువగా వాడేది నాన్నే.

ఎవరి ఒంటి గురించైతే నవ్వుతున్నామో, ఆ మనిషే ముందుగా నవ్వాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు కలవాలి. పదిమంది ముందు కోడలో మనవడో "తాతయ్యకు చెవుడు" అని నవ్వితే అది హాస్యం కాదు, అవమానం. మీకు అలా జరిగితే "నాకు బాధగా ఉంది" అని చెప్పేయండి.

4. సాయం చేసే వస్తువులను దాచుకోకండి

కళ్ళజోడు, చెవి మిషన్, చేతికర్ర, కట్టుడు పళ్ళు, ఫోన్లో పెద్ద అక్షరాలు, బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ. ఏది అవసరమైతే అది ఈ రోజే తెచ్చుకోండి. పెళ్ళిలో ఫొటో కోసం చెవి మిషన్ తీసేసి, వచ్చినవాళ్ళ మాటలన్నీ పోగొట్టుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

5. ఒంటికి రోజూ పని చెప్పండి

65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడవడం లాంటివి చేయాలనీ, రెండు రోజులు కండరాల వ్యాయామం, మూడు రోజులు తూలిపోకుండా నిలబడే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో మొదలుపెట్టాలంటే కదలని కుర్చీ ఒకటి గోడకు ఆనించి, చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోండి. మొదట అయిదుసార్లు చాలు. మోకాళ్ళ నొప్పులుంటే డాక్టరును అడిగే మొదలుపెట్టండి.

6. మీ గురించి మీరు అనుకునే మాట మార్చండి

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక ఊళ్ళో 50 దాటిన 660 మందిని గమనించి, 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. వయసు గురించి మంచిగా అనుకున్నవాళ్ళు, అలా అనుకోనివాళ్ళ కంటే దాదాపు ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారు. అచ్చంగా ఆలోచన వల్లే ఆయుష్షు పెరిగిందని దీన్నిబట్టి తేల్చలేం. అయినా "ఈ వయసులో నాకెందుకులే" అనే మాట మానేయడానికి ఈ కబురు చాలదా?

మనవాళ్ళు 60కి షష్టిపూర్తి చేసుకుంటారు. 80 దాటాక సహస్ర చంద్ర దర్శనం చేస్తారు, అంటే ఆ మనిషి జీవితంలో వెయ్యి పున్నములు గడిచాయని. అంతవరకు ఆగకండి. వచ్చే పున్నమికే మీ ఈడువాళ్ళను నలుగురిని డాబా మీదికి పిలవండి. ఆ నెలలో ఒళ్ళు చేసిన కొత్త అల్లరి ఏమిటో ఒక్కొక్కరిని చెప్పమనండి. మెట్లెక్కలేనివాళ్ళుంటే కుర్చీలు వాకిట్లోనే వేయండి.