గేమ్ కంట్రోలర్ చెడిపోతే రిపేరుకు ఎంత పెట్టవచ్చో తేల్చుకోవడం ఎలా?

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో కాసేపు నిలబడితే ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. కాలేజీ కుర్రవాడు సంచిలోంచి కంట్రోలర్ తీసి అద్దాల బల్ల మీద పెట్టి, "అన్నా, ఇది మంచిగ చేస్తే ఎంతయితది?" అని అడుగుతాడు. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక అంకె చెబుతాడు. లోపల ఏ భాగం చెడిందో అప్పటికి ఇద్దరికీ తెలియదు కాబట్టి ఆ అంకెకు ఆధారమంటూ ఏమీ ఉండదు. ఎంత పనో తెలియకుండా ధర చెప్పవలసి వస్తే ఎవరైనా తనకు నష్టం రాకుండా కొంత కలుపుకొనే చెబుతారు, అందులో తప్పు పట్టవలసింది కూడా లేదు. అక్కడ బేరమాడితే యాభయ్యో వందో తగ్గుతుంది. జబ్బేమిటో ఇంటి దగ్గరే తేల్చుకొని వెళితే అంతకంటే ఎన్నో రెట్లు తగ్గుతుంది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. మా అక్క కొడుకులవీ వాళ్ల స్నేహితులవీ కలిపి చాలా కంట్రోలర్లే విప్పాను, కొన్నింటిని బాగు చేశాను, ఒకటి రెండింటిని పాడు కూడా చేశాను. ఆ అనుభవంతో, ఏ క్రమంలో వెళితే పైసలు వృథా కావో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: బిల్లు వెతకండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కొన్న తేదీ చూడండి. కంపెనీ వారంటీ సాధారణంగా ఒక ఏడాది ఉంటుంది. అది మిగిలి ఉంటే రిపేరు ఖర్చు సున్నా కావచ్చు, కానీ మీరు గాని బయటి దుకాణదారు గాని ఒకసారి విప్పారంటే ఆ హక్కు పోయినట్టే. నీళ్లు పడినా, కింద పడి పగిలినా వారంటీ వర్తించదు. బిల్లు పోతే ఆన్‌లైన్‌లో కొన్న ఖాతాలో దాని ప్రతి దొరుకుతుంది. వారంటీ ఉండగా సరైన కారణం లేకుండా తిరస్కరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

రెండో మెట్టు: ఖర్చు లేని పరీక్షలన్నీ పూర్తి చేయండి

చార్జింగ్ ఎక్కకపోయినా, కన్సోల్‌కు (ఆట నడిపే పెట్టెకు) జత కాకపోయినా ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్ మాత్రమే మోసే, డేటాను మోయని కేబుళ్లు మన ఇళ్లలో చాలా ఉంటాయి; వాటితో కంట్రోలర్ కన్సోల్‌కు జత కాదు, మనమేమో కంట్రోలరే పోయిందనుకుంటాం. ఆ తరువాత రీసెట్ చేయండి. డ్యూయల్‌షాక్ 4 (ప్లేస్టేషన్ 4 కంట్రోలర్), డ్యూయల్‌సెన్స్ (ప్లేస్టేషన్ 5 కంట్రోలర్) రెండింటికీ వెనుక వైపు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. కన్సోల్ ఆపివేసి, సిమ్ తీసే పిన్నుతో ఆ రంధ్రంలో ఐదు సెకన్లు నొక్కి, తిరిగి కేబుల్‌తో జత చేయాలి. బ్లూటూత్ చిక్కులు చాలావరకు దీనితోనే తీరిపోతాయి.

ఇప్పుడు కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు తగిలించి, బ్రౌజర్‌లో పనిచేసే గేమ్‌ప్యాడ్ పరీక్ష పేజీ ఏదైనా తెరవండి. ఒక్కో స్టిక్‌కు, అంటే బొటనవేలితో తిప్పే పుల్లకు, రెండేసి అంకెలు కనబడతాయి. ఒకటి అడ్డం కదలికకు, మరొకటి నిలువు కదలికకు. స్టిక్‌ను ముట్టుకోకుండా వదిలేసినప్పుడు అవి సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.03, 0.04 వరకు ఉంటే దిగులు పడనక్కరలేదు. 0.10 దాటి నిలిచినా, ముట్టుకోకుండానే పైకీ కిందికీ ఎగిరిపడుతున్నా అది డ్రిఫ్ట్, అంటే స్టిక్ తనంతట తనే కదిలినట్టు కంట్రోలర్ భ్రమపడటం. అంకె కొద్దిగానే పక్కకు జరిగి నిలకడగా ఉంటే, ఆటలోని సెట్టింగుల్లో డెడ్ జోన్ (స్టిక్ ఎంత కదిలేవరకు ఆట పట్టించుకోకూడదో ఆ హద్దు) కాస్త పెంచితే చాలు, రిపేరును మరికొన్ని నెలలు వాయిదా వేయవచ్చు. ఎగిరిపడే అంకెకు మాత్రం సెట్టింగులతో మందు లేదు. ఇదే పేజీలో ప్రతి బటన్‌ను పదేసి సార్లు నొక్కి చూసి, ఏది తప్పుతోందో కాగితం మీద రాసుకోండి. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.

మూడో మెట్టు: లక్షణాన్ని బట్టి భాగాన్ని గుర్తించండి

డ్యూయల్‌షాక్ 4లో ఒకటి రెండు బటన్లు సరిగా పలకకపోతే, చాలాసార్లు బటన్ల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ సర్క్యూట్ పొరను అనుమానించాలి. దాన్ని బోర్డుకు అదిమి ఉంచే చిన్న స్పాంజి ముక్క అణిగిపోవడంతో కాంటాక్ట్ వదులవుతుంది. దీనికి సోల్డరింగ్ (లోహాన్ని కరిగించి అతకడం) అవసరం లేదు, పొర ధర కూడా స్వల్పమే. డ్యూయల్‌సెన్స్‌లో చూపుడువేలితో నొక్కే ట్రిగ్గర్లు ఆర్2 లేదా ఎల్2 నొక్కితే తిరిగి పైకి రాకుండా వదులుగా ఊగుతుంటే లోపలి స్ప్రింగ్ విరిగి ఉంటుంది. భాగం చవక, పనే కాస్త ఓపికతో కూడినది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో పై అంచున ఉండే ఎల్‌బీ, ఆర్‌బీ బటన్లు కింద పడినప్పుడు విరుగుతాయి, అక్కడ పోయేది ప్లాస్టిక్ పట్టీ మాత్రమే. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ మామూలు ఏఏ సెల్స్‌తో నడిచేది కాబట్టి దానికి బ్యాటరీ మార్పిడి ఖర్చు అనే ప్రశ్నే రాదు. డ్యూయల్‌షాక్, డ్యూయల్‌సెన్స్‌లలో లిథియం బ్యాటరీ ఉంటుంది, దాన్ని ప్లగ్గు ఊడదీసి మార్చుకోవచ్చు. ఎండాకాలంలో మన దగ్గర స్కూటీ డిక్కీ ఎలా కాలుతుందో అందరికీ తెలుసు, కంట్రోలర్‌ను అందులో వదిలేస్తే ఆ బ్యాటరీ ఆయుష్షు తొందరగా తరుగుతుంది.

దుకాణాలకు వచ్చే కేసుల్లో పెద్ద వాటా మాత్రం డ్రిఫ్ట్‌దే, ఎక్కువ పైసలు వృథా అయ్యేదీ దాని దగ్గరే. అందుకని లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను.

స్టిక్ అడుగున అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఒక లోహపు డబ్బా ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు ఆకుపచ్చ మూతలు ఉంటాయి. ఒక మూతను చాకు మొనతో మెల్లగా లేపితే లోపల తెల్లటి బుల్లి చక్రం, దానికి అతికిన సన్నని లోహపు రేకు కనబడతాయి. మూత లోపలి వైపున విల్లులా వంగిన నల్లటి కార్బన్ పూత ఉంటుంది. మీరు స్టిక్‌ను తోసిన ప్రతిసారీ ఆ రేకు ఈ నల్లటి పూత మీద రాసుకుంటూ తిరుగుతుంది, అది ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టే ఆటలో బొమ్మ ఎటు నడవాలో తేలుతుంది. దీన్నే పొటెన్షియోమీటర్ అంటారు. బాగా వాడిన స్టిక్‌లో ఆ పూతను వెలుతురుకు పట్టి చూస్తే, సరిగ్గా మధ్యలో, అంటే రేకు ఎక్కువసేపు ఉండే చోట, మెరిసే గీత ఒకటి అరిగిపోయి కనబడుతుంది. రాలిన నల్లటి పొడి చక్రం అంచున పేరుకుంటుంది. మిర్చీలు తిన్న చేత్తోనే ఆడితే ఆ నూనె బటన్ల సందుల్లోకీ స్టిక్ మొదట్లోకీ దిగి దుమ్మును పట్టి ఉంచుతుంది. అయితే పూత అరగడానికి అసలు కారణం ఆ రాపిడే.

ఇది ఒకసారి కళ్లారా చూస్తే, కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) కొట్టి కడిగితే ఎందుకు తాత్కాలికంగానే బాగవుతుందో అర్థమవుతుంది. క్లీనర్ పొడిని కడుగుతుంది, అరిగిన పూతను తిరిగి వేయలేదు. మా పెద్ద మేనల్లుడు ఒక దుకాణంలో "స్టిక్ మార్చాం" అన్న మాట మీద 450 రూపాయలు కట్టి వచ్చాడు. మూడు వారాలకే డ్రిఫ్ట్ మళ్లీ మొదలైంది. నేను విప్పి చూస్తే పాత స్టిక్ కాళ్ల దగ్గర ఫ్యాక్టరీ సోల్డర్ చెక్కుచెదరకుండా ఉంది. కడిగి పంపించారన్న మాట. వాడికి పైసలు పోయినందుకంటే నమ్మినందుకు బాధ కలిగింది, నాకూ అంతే. అందుకే కింద చెప్పబోయే ప్రశ్నలను మొహమాటపడకుండా అడగమని ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను.

అరుగుదలే లేని స్టిక్‌లు కూడా ఉన్నాయి. వాటిలో రేకుకు బదులు చిన్న అయస్కాంతం, దాన్ని ముట్టుకోకుండానే గుర్తించే సెన్సర్ ఉంటాయి. వీటిని హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు అంటారు. ఇది కొత్త విద్య కాదు, 1998లో జపాన్‌లో విడుదలైన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఈ పద్ధతి ఉంది. ఇప్పుడు డ్యూయల్‌షాక్ 4కూ డ్యూయల్‌సెన్స్‌కూ సరిపోయే హాల్ స్టిక్‌లు విడిగా దొరుకుతున్నాయి. మామూలు స్టిక్ కంటే రెండు మూడు రెట్లు ధర పడతాయి.

నాలుగో మెట్టు: నెలల లెక్క వేయండి

రిపేరు ధరను ఒక్క అంకెగా చూడకుండా, అది ఎన్ని నెలలు ఆగుతుందో దానితో భాగించి చూడండి. ఉదాహరణకు కడిగించడానికి 200 రూపాయలు తీసుకున్నారు, అది ఒక నెల ఆగింది అనుకుందాం. నెలకు 200 పడినట్టు. మామూలు స్టిక్ మార్చడానికి కూలితో కలిపి 600 అయి, ఏడాది ఆగితే నెలకు 50. హాల్ స్టిక్‌కు 1000 అయి, మూడేళ్లు వస్తే నెలకు 28 రూపాయలు కూడా పడవు. మీరు అడిగి తెలుసుకున్న ధరలను ఇందులో పెట్టి చూసుకోండి. అంకెలు మారినా వరుస పెద్దగా మారదు.

తరువాత పై హద్దు నిర్ణయించుకోవాలి. అసలైన కొత్త కంట్రోలర్ ఇప్పుడు దాదాపు ఆరు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంది. రిపేరు మొత్తం అందులో మూడో వంతు లోపు ఉంటే నేను ఆలోచించకుండా చేయిస్తాను. సగం దాటితే చేయించను, ఎందుకంటే పాత కంట్రోలర్‌లో ఇవాళ స్టిక్ పోతే రేపు బ్యాటరీ, ఎల్లుండి చార్జింగ్ పోర్టు వరుసలో ఉంటాయి. మధ్యలో ఉంటే వయసు చూడాలి. బోర్డు మీద నీళ్లు పడి పచ్చగా తుప్పు పట్టిన కంట్రోలర్‌కు మాత్రం ఏ ధరకైనా చేయించవద్దనే చెబుతాను. వెయ్యి, పన్నెండు వందలకు కొన్న నకిలీ డ్యూయల్‌షాక్‌ల సంగతి కూడా అంతే. వాటి బోర్డు వేరు, అసలు కంట్రోలర్ భాగాలు వాటిలో సరిగా కూర్చోవు.

ప్రయాణాన్ని కూడా ఖర్చులో కలపాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరుకుతాయి నిజమే, కానీ కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 130 కిలోమీటర్లు. రైలు టికెట్, ఆటో, భోజనం, పోయిన రోజు కూలి కలిపితే ఒక్క స్టిక్ కోసం వెళ్లడం గిట్టదు. వేరే పని మీద వెళ్లినప్పుడు తెచ్చుకోండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకొని ఇక్కడి దుకాణంలో కూలి మాత్రం ఇవ్వండి. మంచిర్యాల, జగిత్యాల వైపు ఉన్నవాళ్లకు ఈ రెండో పద్ధతే మేలు.

ఐదో మెట్టు: దుకాణంలో ఏం అడగాలి?

"ఎంతయితది?" అని మొదలుపెట్టకుండా, "ఎడమ స్టిక్ అడ్డం వైపు డ్రిఫ్ట్ అవుతోంది, పరీక్ష పేజీలో ఇంత చూపిస్తోంది" అని చెప్పండి. విప్పి చూడటానికి ఎంత, భాగానికి ఎంత, కూలి ఎంత అని మూడుగా అడగండి. విప్పి చూశాక వద్దంటే ఎంత ఇవ్వాలో కూడా ముందే తేల్చుకోండి. వేసేది మామూలు స్టిక్కా, హాల్ స్టిక్కా అడగండి. తీసేసిన పాత భాగం మీకే కావాలని పని మొదలుకాక ముందే చెప్పండి. ఈ ఒక్క మాటతో, కడిగేసి "మార్చాం" అని చెప్పే మాయ సాగదు. ఆ మధ్య ఒక మెకానిక్ నాతో, "సార్, కార్బన్ అరిగిపోయింది, కడిగితే నాలుగు రోజులే ఆగుతది, మీ ఇష్టం" అని తనంతట తనే చెప్పాడు. అలాంటివాడు పది రూపాయలు ఎక్కువ అడిగినా ఆయన దగ్గరికే వెళ్లండి.

డ్యూయల్‌షాక్, డ్యూయల్‌సెన్స్‌లలో స్టిక్ మార్చిన తరువాత కాలిబ్రేషన్ చేయాలి, అంటే కొత్త స్టిక్ మధ్యస్థానాన్ని కంట్రోలర్‌కు నేర్పాలి. పాత స్టిక్ మధ్యస్థానం కంట్రోలర్ మెమరీలో నిలిచి ఉంటుంది కాబట్టి, కొత్త స్టిక్ ఎంత మంచిదైనా పక్కకు లాగినట్టు కనబడవచ్చు. దీన్ని కేబుల్ తగిలించి బ్రౌజర్‌లోనే చేసే ఉచిత పరికరం ఉంది. దుకాణంలో ఆ సంగతి తెలుసో లేదో అడగండి, తెలియకపోతే ఇంటికి వచ్చి మీరే చేసుకోవచ్చు. పైసలు ఇచ్చే ముందు అక్కడే ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపి ప్రతి బటన్‌నూ నొక్కి చూడండి, స్టిక్‌ను అంచుల వెంట గుండ్రంగా తిప్పి చూడండి.

ఆరో మెట్టు: స్వయంగా చేయాలనుకుంటే

సోల్డరింగ్ అవసరం లేని పనులు, అంటే బటన్ల పొర, రబ్బర్లు, బ్యాటరీ, ట్రిగ్గర్ స్ప్రింగ్ మార్చడం, ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. డ్యూయల్‌షాక్‌కు చిన్న నక్షత్రపు స్క్రూడ్రైవర్ చాలు. ఎక్స్‌బాక్స్‌కు మధ్యలో రంధ్రం ఉన్న టీ8 బిట్ కావాలి, ఒక స్క్రూ బ్యాటరీ గదిలోని స్టిక్కర్ కింద దాగి ఉంటుంది. విప్పిన వెంటనే బ్యాటరీ ప్లగ్గు తీసేయండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

స్టిక్ మార్చడం మాత్రం మొదటిసారి చేసే పని కాదు. దాన్ని 14 చోట్ల సోల్డర్ చేసి ఉంటారు, అన్నీ ఒకేసారి వదలాలి. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ కరగడానికి 217 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. 183 డిగ్రీలకే కరిగే 63/37 సోల్డర్‌ను (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) ప్రతి కాలికీ కొంచెం కలిపితే పని సులువవుతుంది. గదిలో గాలి ఆడేలా చూసుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. తొందరపడి లాగితే బోర్డు మీది రాగి చుట్టు ఊడివస్తుంది, అప్పుడు ఆరువందల పని కాస్తా జంపర్ తీగలు (తెగిన దారిని కలిపే సన్నని తీగలు) వేసే పని అవుతుంది. నేను పాడు చేసిన కంట్రోలర్ అలా పోయినదే. పాత రేడియో బోర్డు మీదో, చెడిపోయిన చార్జర్ మీదో కొన్ని రోజులు సాధన చేసి అప్పుడు దీని జోలికి రండి.

బాగు కాదని తేలిన కంట్రోలర్‌ను పారేయకండి. అదే మోడల్ మరొకటి ఇంట్లో ఉంటే దాని రబ్బర్లు, ట్రిగ్గర్ స్ప్రింగులు, పై డొల్ల, స్క్రూలు అన్నీ పనికొస్తాయి. స్క్రూలను విప్పిన వరుసలోనే ఒక కాగితానికి టేపుతో అంటించి, ఏది ఎక్కడిదో పక్కన రాసి, దాన్ని డొల్లలోనే పెట్టి మూసేయండి.