తొలకరి రాత్రులు, పాములు: గుర్తుపట్టగలమనుకునే వారికి కొన్ని జాగ్రత్తలు

ఈ ఏడు తొలి వాన పడిన రాత్రే ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగరం వైపు ఒక పల్లెలో నేలమీద చాప వేసుకుని పడుకున్న ఒక కుర్రవాడికి మోచేతి దగ్గర ఏదో చురుక్కుమన్నట్లై మెలకువ వచ్చింది. ఇంట్లోవారు లైటు వేసి చూస్తే తెల్లచారల సన్నని పామొకటి గోడవార నుంచి జారిపోతూ కనిపించింది. బల్లుల కోసం గోడలెక్కే పామేననీ, దానికి విషం ఉండదనీ ఇంటి పెద్ద ఒకాయన తేల్చేశారు. వాపు లేదు, మంట లేదు, రక్తం బొట్టయినా రాలేదు కనుక అందరూ ఆ మాటే నమ్మి మళ్ళీ పడుకున్నారు. తెల్లవారుజామున అతనికి కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చింది, ఆ తర్వాత కనురెప్పలు వాలిపోయాయి, మింగుడు పడక నోటి వెంట చొంగ కారింది. ఆసుపత్రి గేటు దాటేసరికి ఊపిరి ఆగిపోయింది.

పామును చూసి భయపడి పరుగెత్తిన వారి సంగతి వేరు. నేను చూసినంతలో మనుషులను ముంచేది, కరిచిన పాముకు ఇంట్లోనే ఒక పేరు పెట్టి, ఆ పేరును నమ్మి ఆగిపోవడం. గజపతి, రాయగడ జిల్లాల్లోని మన తెలుగు ఊళ్ళలో పాములను ఎరిగినవారు ఎక్కువ, అందుకే ఈ పొరపాటు కూడా ఎక్కువ. ఏమీ తెలియని వాడు కంగారుపడి ఆసుపత్రికి పోతాడు. కొంచెం తెలిసినవాడే ఆగుతాడు, పక్కవారినీ ఆపుతాడు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు పన్నెండు లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో దాదాపు సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే జరిగాయి. ఆకుమళ్ళు తయారయ్యేదీ, ఊడ్పులు సాగేదీ, ఎలుకల బొరియల్లోకి నీరు చేరి పాములు మెట్టకూ గడపకూ వచ్చేదీ ఆ నెలల్లోనే.

గుర్తుపట్టడం అనవసరమని నేను అనను, అది తెలుసుకోదగిన విద్యే. అయితే దాని హద్దు ఎక్కడో కూడా తెలిసి ఉండాలి. ఒడియావారు చితి అని పిలిచే కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది. ఒంటిమీద సన్నని తెల్లని అడ్డచారలు తరచుగా జతలు జతలుగా ఉంటాయి. మెడ దగ్గర అవి ఉండవు, లేదా లీలగా ఉంటాయి, తోక వైపు పోయేకొద్దీ తేటపడతాయి. వెన్ను మీద నడిమి వరుస పొలుసులు పక్కవాటికన్నా పెద్దవి, ఆరు పలకలుగా ఉంటాయి. బల్లులను తినే విషం లేని చారల పాముకు ఇది తిరగబడి ఉంటుంది: పట్టీలు మెడ దగ్గరే మొదలై ముందుభాగంలో వెడల్పుగా ఉండి, తోకకు చేరేసరికి చెదిరిపోతాయి. పుస్తకం ముందు పెట్టుకుని పగటి వెలుగులో చూస్తే ఈ తేడా స్పష్టమే. కానీ కట్లపాము పిల్లల్లో చారలు మెడకు దగ్గరగానే మొదలు కావచ్చు, కుబుసం విడిచే ముందు ఏ పాము రంగైనా మసకబారుతుంది, పరుగుతీసే పాము వెన్నుమీద పొలుసులు టార్చి వెలుగులో ఎవరికీ లెక్కకు రావు. పిలిస్తే వెళ్ళి పాములను పట్టి అడవిలో వదిలేవారు సైతం రాత్రిపూట ఒక్క చూపుకు తేల్చి చెప్పరు.

రక్తపింజర విషయంలో పొరపాటు ఇంకో దారిలో వస్తుంది. గోధుమరంగు ఒంటిమీద కోడిగుడ్డు ఆకారంలో ముదురు మచ్చలు మూడు వరుసలుగా, అంచు కట్టినట్లు పేర్చి ఉంటాయి. కొండచిలువ మచ్చలు ఏ వరుసకూ లొంగకుండా అడ్డదిడ్డంగా ఉంటాయి. ఈ తేడా తెలియక, కొండచిలువ పిల్ల అనుకుని పింజరను కర్రతో కాదు, చేత్తోనే ఎత్తిన వారు ఉన్నారు. కదిపితే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్లు బుస కొట్టేది చాలావరకు ఇదే, ఆ శబ్దం వినబడితే ఇంకేమీ పరిశీలించకుండా వెనక్కి నడవండి.

నాగుపాము ఎప్పుడూ పడగ విప్పి ఉండదు. పడగ లేదు కనుక జెర్రిపోతేనని దగ్గరకు పోయేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. మరోపక్క చెరువుగట్ల నీరుకట్టు పాముకు విషం లేకపోయినా మెడ చదును చేసి లేస్తుంది, దాన్ని నాగుపామని కొట్టి చంపుతారు. నాగుపాము, జెర్రిపోతు పెనవేసుకుని జతకడతాయన్న మాట మన ఊళ్ళలో ఇంకా వినిపిస్తుంది. అలా పెనవేసుకునేవి పోట్లాడుకుంటున్న రెండు మగ జెర్రిపోతులు.

ఇంత చెప్పినా, కాటు పడ్డాక ఈ విద్యతో చేయవలసిన పని దాదాపు లేదు. మన దేశంలో తయారయ్యే పాముకాటు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికీ కలిపి చేసిన ఒకే మందు. వైద్యుడు లక్షణాలు చూసి, రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదలకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూసి నిర్ణయిస్తారు. చచ్చిన పామును సంచిలో వేసుకుని తీసుకెళ్ళినంత మాత్రాన మందు మారదు. దాన్ని వెతికి చంపడానికి పోయిన అరగంట మాత్రం తిరిగి రాదు, పైగా ఆ వెతుకులాటలో రెండో మనిషికి కాటు పడిన ఉదంతాలు ఉన్నాయి. తెగిన పాము తల కూడా కొంతసేపటి వరకు కరవగలదు.

ఇంటి సంగతికి వస్తే, చుట్టూ శుభ్రంగా ఉంచుకోవాలన్న మాట అందరికీ తెలిసినదే కనుక దాన్ని పొడిగించను. పడక గురించి మాత్రం చెప్పాలి. కట్లపాము రాత్రి తిరిగే పాము. నేలమీద పడుకున్న మనిషి పక్కకు వచ్చి, అతను నిద్రలో కదిలినప్పుడు కరుస్తుంది. మంచం మీద పడుకుని, దోమతెర అంచులను నాలుగు వైపులా పరుపు కిందికి దోపుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అంచులు నేలకు వేలాడే దోమతెర దోమలను ఆపుతుందేమో గానీ పామును ఆపదు. ధాన్యం బస్తాలు పడకగదిలో ఉంటే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. బస్తాలకు చోటు లేకపోతే పడకను మార్చండి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతున్నాను.

పిడకల గూట్లో, కట్టెల మోపులో, గడ్డివాములో చూడకుండా చెయ్యి పెట్టకండి, ముందు కర్రతో కదిపి కాసేపు ఆగండి.

రాత్రి పెరట్లోకి వెళ్ళేటప్పుడు ఫోను లైటు కాదు, టార్చి పట్టుకోండి.

గుమ్మం బయట విడిచిన చెప్పులు, బూట్లు దులపకుండా తొడగకండి.

ఇంటిచుట్టూ ఉప్పు, వెల్లుల్లి నీళ్ళు, ఫినాయిల్ చల్లి నిశ్చింతగా ఉండకండి, పాములు వాటిని దాటుకుని వస్తాయి.

ఫోటో తీయాలనుకుంటే ఆరేడు అడుగుల దూరం తగ్గనివ్వకండి. వంగి తీయకండి. పిల్లలను పంపకండి.

పామును చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. తలుపులు తెరిచి దారి ఇవ్వండి, పోకపోతే అటవీశాఖ వారిని పిలవండి.

కాటు పడిందనిపిస్తే వేపాకు నమిలించి చేదు తెలిసిందా అని అడగకండి, మిరపకాయ కారం పరీక్షలు చేయకండి. కట్లపాము కాటు పడినవాడికి మొదటి గంటల్లో చేదూ కారమూ రెండూ తెలుస్తాయి.

తాడుతో బిగించి కట్టకండి. కోయకండి. నోటితో పీల్చకండి. పసరు పోయకండి.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మణికట్టు దారాలు వాపు రాకముందే తీసేయండి.

మనిషిని నడిపించకండి. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కు ఫోను చేయండి. బండి రావడం ఆలస్యమైతే మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళండి.

గుణియా, అంటే మంత్రం వేసేవాడి ఇంటి దగ్గర ఆగకండి. ఐదు నిమిషాలకని కూడా ఆగకండి.

పర్లాకిమిడి దగ్గరైతే పర్లాకిమిడికి, గుణుపురం దగ్గరైతే గుణుపురానికి, ఆంధ్ర వైపు పాతపట్నం దగ్గరైతే పాతపట్నానికి వెళ్ళండి, రాష్ట్రం ఏదని చూడకండి. మందు నిల్వ ఎక్కడ ఉందో ఈ వారంలోనే అడిగి, ఇంట్లో గోడమీద రాసి పెట్టుకోండి.

పాము ఏదో తేల్చుకునే చర్చ దారిలో పెట్టుకోండి, ఇంట్లో పెట్టుకోకండి. పేరు తెలిసినా వెళ్ళాలి, తెలియకపోయినా వెళ్ళాలి, విషం లేనిదని ఇంట్లో అందరూ ఒట్టేసి చెప్పినా వెళ్ళాలి.

వర్షాకాలపు రాత్రి నేలమీద పడుకున్నవారికి తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పి, వాంతులు వచ్చి, కనురెప్పలు బరువెక్కితే, ఎవరికీ పాము కనబడకపోయినా అజీర్తి మాత్ర ఇచ్చి పడుకోబెట్టకండి.

ఆసుపత్రిలో కాటు గుర్తు కనబడలేదని, వాపు లేదని మీరే తొందరపడి ఇంటికి వచ్చేయకండి. 24 గంటలు అక్కడే ఉంచి చూడమని అడగండి, ఆ రాత్రి పక్కన ఒకరు మేలుకుని రోగి కళ్ళు పూర్తిగా తెరవగలుగుతున్నాడో లేదో చూస్తూ ఉండండి.